దినం బాగలేని వీధి

నా భార్య పోయిందన్న సంగతి నాకు పెనుకొండలో తెలిసింది. ఒక షెడ్డులో కాలిపోయిన మోటారు విప్పుతున్నాను. ఫోన్ మోగింది. మా బావ, అంటే ఆమె అన్న. చుట్టాల పెళ్లి ఉందని ఆమె ముందే ధర్మవరం వెళ్లి వాళ్లింట్లో ఉంది.

"బావా, ఈడికి రా" అన్నాడు.

ఎందుకని నేను అడగలేదు. మా బావ ఎప్పుడూ పని చెప్పి పిలిచే మనిషి. ఆ రోజు పని చెప్పలేదు. చేతుల గ్రీజు తుడుచుకోకుండానే రైలెక్కాను. ఎండ వాలుతోంది. కిటికీలో పెనుకొండ కొండ చాలాసేపు అలాగే నిలబడి ఉంది. రైలు ఒకచోట ఆగిపోయి, నేల మాత్రం వెనక్కి జరుగుతున్నట్టు అనిపించింది. నేను చేరేసరికి ఆమెను అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. భోంచేసి గోడకు ఆనుకుని కూర్చుందట. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట ఆపేసిందట. గుండె అన్నారు.

అప్పటి నుంచి నాకు పగటిపూటే కలలు వస్తున్నాయి. హిందూపురంలో మా అంగట్లో కుర్చీలో కూర్చుని ఉంటాను. చెవిలో మగ్గం చప్పుడు మొదలవుతుంది. మా వీధిలో ఒక్క మగ్గం కూడా లేదు. ఎవరైనా వచ్చి వైరు అడిగితే చప్పుడు ఆగిపోతుంది. వాళ్లు వెళ్లాక మళ్లీ, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే.

ఆమె మగ్గాల ఇంట్లో పుట్టింది. డిగ్రీ చదివి హిందూపురంలో ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసింది. ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ ఉండేది. చిన్నప్పుడు మగ్గం మీద పాత పడుగు దారాల కొసలకు కొత్త పోగులు అతికించిన వేళ్లు అవి. నిద్రలో కూడా కదిలేవి. పక్కనే పడుకుని చూస్తూ ఉండేవాణ్ణి. ఏ చీరకో, ఏ రంగో, నాకు తెలిసేది కాదు.

మంచిరోజులు, చెడ్డరోజులు ఆమెకు పట్టవు. ఊరికి పోవాలంటే కావాలని రాహుకాలంలోనే బయలుదేరేది. "రాహుకాలంలో బస్సులో సీటు దొరుకుతాది" అనేది. ఈ మాట గుర్తు పెట్టుకోమని చదివేవారిని కోరుతున్నాను. తర్వాత జరిగినదానికి ఇది అవసరం.

క్లాసులో పాఠం చెప్పగా చెప్పగా ఆమెను ఒక ప్రశ్న పట్టుకుంది. ఒకరికి పెరుగుతూ ఇంకొకరికి తరుగుతూ పోవడం యంత్రాల వల్లనా, యంత్రాల చుట్టూ మనుషులు చేసుకున్న ఏర్పాటు వల్లనా? నేను ఎలక్ట్రికల్ చదివి మోటార్లు అమ్మేవాణ్ణి. ఏ పక్షమో చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో ఈ వాదన ఉప్పూ కారంలాగా రోజూ ఉండేది. ఎవరమూ ఓడిపోయేవాళ్లం కాదు.

మా బావ మోకాళ్లతో అది వాదనగా మిగలకుండా పోయింది.

పట్టుచీర అంచులో పువ్వు లేవాలంటే నేతగాడు మగ్గం కింది గుంతలో కూర్చుని, ప్రతి పోగుకూ కాలితో తొక్కి, పైనున్న జకార్డు అనే డిజైను పెట్టె బరువును ఎత్తాలి. పొద్దంతా అదే పని. మా బావను సాయంత్రం గుంతలోంచి ఇద్దరు పట్టి లాగేవారు. ఇంకో ఏడాది ఇలాగే తొక్కితే నడవలేవని డాక్టరు చెప్పేశాడు. తొక్కుడు పని చేసే చిన్న మోటారు ఒకటి వచ్చిందని తెలిసి నేనే తీసుకెళ్లి బిగించాను. స్విచ్చు వేయగానే జకార్డు దానంతట అది లేచింది. ఆయన కాళ్లు చాపుకుని, వాటినే చూసుకుంటూ ఉండిపోయాడు.

"ఇంగ ఈ కాళ్లు యాడ పెట్టుకోవాలో తెలీడం లేదు బావా" అన్నాడు. ఆమె పడీపడీ నవ్వింది.

ఆ వీధికంతా పట్టు ఇచ్చి, నేసిన చీరకు కూలి కట్టి తీసుకెళ్లే శావుకారు ఒకాయన ఉన్నాడు. నెల తిరిగేసరికి ఆయన అన్నాడట, "మోటారు తొక్కుతాండాది కదప్పా, నువ్వేం తొక్కుతాండావు?" అని. కూలి తగ్గించాడు. ఆ తర్వాత మోటారు లేనివాళ్లకూ అదే కూలి. "ఆయప్ప ఈ కూలికే నేస్తాండాడు, నీకెందుకు ఎక్కువియ్యాల?" అన్నాడట. వీధి మొత్తం మా బావ మీద పడింది. కుళాయి దగ్గర వాళ్ల బిందె పక్కన ఇంకెవరూ బిందె పెట్టడం మానేశారు.

ఒక ఆదివారం ఆయన హిందూపురం వచ్చాడు. భుజం మీద గోనెసంచి. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కి, సంచిని నా బల్ల మీద దించాడు.

"ఇదిగో బావా, నీ మోటారు. నా కూలి తినేసింది. వీధి కూలి కూడా తినింది."

"మోటారు ఏం చేసింది బావా? చెప్పిన పని చేసింది."

"ఆ మాట మా వీధికొచ్చి చెప్పు. పేడనీళ్లు పోస్తారు."

"మరి మోకాళ్లు?"

"పోతే పోనీ. వీధిలో మొగం చెల్లాల కదా."

ఆమె టీ తెచ్చింది. సంచి మూతి విప్పి, లోపల దూడ ఉన్నట్టు తొంగి చూసింది.

"అన్నా, దీనికి కడుపు యాడుండాది?"

"ఏంది?"

"కూలి తినింది అంటివి కదా. కడుపు లేనిది ఎట్ల తింటాది? తినిన కూలి యాడికి పోయింది?"

ఆయన టీ గ్లాసు అందుకున్నాడు. నా వైపు తీర్పు వచ్చిందనుకుని నేను నవ్వాను. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు నవ్వొద్దులే. కాలి మీద బరువు నువ్వు దించినావు. దించిన బరువు ఎవురి గల్లాపెట్టెలో పడిందో చూసినావా?"

మోటారు అంగట్లోనే ఉండిపోయింది. ఆయన తిరిగి వెళ్లి మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. తగ్గిన కూలి మాత్రం పెరగలేదు. వేసవి సెలవులు రాగానే ఆమె ధర్మవరం వెళ్లింది. గడప గడపకూ వెళ్లి కూర్చుంది. సమ్మె అనే మాట అక్కడ ఎవరి నోటా రాదు. శావుకారు ముఖం మీద కాదని చెప్పే అలవాటూ లేదు. అందుకని ఆమె గోడ మీద ఉన్న పంచాంగం క్యాలెండరు దించింది.

నేసిన చీరను మగ్గం నుంచి కోసి ఇస్తే కదా శావుకారుకు చేరేది. ఆ కోత ఆగింది. చీర ఇవ్వందే కొత్త పట్టు రాదు కాబట్టి మెల్లగా మగ్గాలూ ఆగాయి. ఆయన మంగళవారం వచ్చి అడిగితే, "ఈ పొద్దు కత్తెర పెట్టకూడదు కదన్నా" అన్నారు. మరుసటి రోజు అష్టమి. ఆ తర్వాత నవమి. శుక్రవారం ఒకాయన చేతులు కట్టుకుని, "లక్ష్మిని ఈ పూట గడప దాటించమంటావా అన్నా?" అని అడిగాడు. శావుకారు ఏమంటాడు? శుక్రవారం ఆయన తన గల్లాపెట్టెలోంచే పైసా బయటికి తీయడు. తిథులన్నీ అయిపోయాక వీధి చివరి అవ్వ ఒకామె, "కలలో చీర ఏడ్చింది నాయనా, ఎట్ల కోసేది?" అంది.

నేను ఒక ఆదివారం చూడబోయాను. అలాంటి వీధిని మళ్లీ చూడలేదు. మగ్గం చప్పుడు లేని ధర్మవరం వీధిలో మన అడుగుల చప్పుడు మనకే కొత్తగా ఉంటుంది. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. లోపల చీకట్లో, నేసిన చీర చుట్టే దోనెల మీద జరీ మెరుస్తోంది. జనం అరుగుల మీద మెల్లగా మాట్లాడుకుంటున్నారు, ఎవరో నిద్రపోతుంటే లేపకూడదన్నట్టు. నాకు అది అందంగా కనిపించింది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఒక్కపూటే పొయ్యి వెలిగింది. ఎవరైనా ఈ కథను నవ్వుతూ చెబితే ఆ ముక్కను ఆమే కలిపేది.

శ్రావణం సరుకు పంపాల్సిన రోజులు దగ్గరపడ్డాయి. శావుకారే వచ్చి మా బావ అరుగు మీద కూర్చున్నాడు. చెడ్డ మనిషి కాదు. అలిసిపోయి ఉన్నాడు.

"ఏమ్మా టీచరమ్మా, ఈ దినాలన్నీ నువ్వే చూస్తాండావంట?"

"క్యాలెండరు చూస్తాందన్నా. నేను చదువుతాండా, అంతే."

"నా మీద ఇంకొకడు ఉండాడు తల్లీ. బెంగుళూరు అంగడోడు. పవర్‌లూమ్ చీర చూపిచ్చి నా రేటు తెగ్గోస్తాండాడు. నేను యాడ తెచ్చియ్యాల?"

"అయితే ఆయప్పకూ ఇదే మాట చెప్పన్నా. దినాలు బాగలేవని."

ఆయన నవ్వాడు. కాలితో తొక్కేవాళ్లకు పాత కూలి ఇస్తానన్నాడు. మోటారు మగ్గానికి కొంచెం తక్కువ. కరెంటు బిల్లు నేతగాడిదే. ఆ పూట పంచాంగంలో ఏముందో ఎవరూ చూడలేదు. కత్తెరలు ఆడాయి. నేను సంచి తీసుకెళ్లి మోటారు మళ్లీ బిగించాను. ఈసారి పక్కింటివాళ్లు నిచ్చెన పట్టుకున్నారు.

"గెలిచినావు" అన్నాను రైల్లో.

"సగం" అంది. కిటికీకి తల ఆనించి హిందూపురం దాకా నిద్రపోయింది.

గెలవని ఆ సగం గురించి చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. కొన్నేళ్ల తర్వాత హిందూపురంలోనే, పట్టుగూళ్ల నుంచి దారం తీసే ఒక యూనిట్‌కు కొత్త ఆటోమేటిక్ మిషన్ వచ్చింది. ఆడవాళ్లను చాలామందిని ఇంటికి పంపేశారు. వాళ్లలో ఒకామె, నా భార్య దగ్గర చదువుకునే పిల్ల తల్లి, మా ఇంటికి వచ్చింది.

"ధర్మవరంలో చేసినట్ల మాకూ ఏదన్నా చెప్పు మేడమ్."

ఆమె చెప్పలేకపోయింది. ఆ మనిషి వెళ్లాక చాలాసేపు వేళ్లు రుద్దుకుంటూ కూర్చుంది.

"మా వీధిలో చేతులు కావాల. అందుకని ఆపితే ఆగింది. చేతులే వద్దనే చోట ఏమని ఆపాల?"

"అయితే యంత్రానిదే తప్పంటావా?"

"ఆ మిషన్ ఈ ఆడోళ్లదే అయ్యుంటే? వేడినీళ్లల్లో చేతులు పెట్టే పని తప్పింది కదా, ఇంటికాడ కూర్చుని పాటలు పాడుకుందురు." కొంచెం ఆగి, "అయినా నాకు పూర్తిగా తెలీడం లేదప్పా" అంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. తెలియదని చెప్పడానికి ఆమె ఎప్పుడూ సిగ్గుపడలేదు. నాకూ తెలియదు. ఈ మధ్య మోటారు బిగించే ముందు, ఇది ఎవరి సొంతం, దీంతో మిగిలేది ఎవరికి అని అడుగుతున్నాను. "నీకెందుకప్పా, బిగించు" అంటారు. బిగిస్తాను. అడగడం మాత్రం మానలేదు.

పోయిన వారం ధర్మవరం వెళ్లాను. పనేమీ లేదు. అన్నం తిన్నాక మగ్గం పక్కన చాప పరిస్తే పడుకున్నాను. మోటారు సన్నగా మూలుగుతోంది. దారం మోస్తూ నాడె అటూ ఇటూ పోతోంది. కలలో తెల్లవారుజాము. వీధి పొడవునా పడుగు చాచి ఉంది, మంచులో తడిసినట్టు. దాని వెంట ఆమె నడుస్తోంది. నేను ఇవతలి కొసలో ఉన్నాను. పిలిస్తే పోగులు కదులుతున్నాయి గానీ మాట వెళ్లడం లేదు.

చప్పుడు ఆగితే మెలకువ వచ్చింది. మా బావ స్విచ్చు ఆపి, ఎవరూ పట్టకుండానే గుంతలోంచి లేచాడు. చొక్కా తగిలించుకున్నాడు.

"పండుకో బావా. టీ తెస్తా."

"నేనూ వస్తా ఉండు."

"ఎందుకు? టీ అంగడి మూల మీదే కదా."

వీధిలోకి దిగాడు. ఎండ తెల్లగా ఉంది. పడుకున్న చోటు నుంచే గుమ్మంలోంచి చూస్తున్నాను. లుంగీ ఎగగట్టి, ఫ్లాస్కు ఊపుకుంటూ నడిచాడు. మలుపు దగ్గర ఎవరో పలకరిస్తే ఆగి మాటల్లో పడ్డాడు. చాలాసేపు అలాగే నిలబడి మాట్లాడాడు, వీధి మధ్యలో, దేనికీ ఆనుకోకుండా.