మూడు జానల నల్లమట్టి

మా నాన్నకు ఒంగోల్లో కిరాణా కొట్టు ఉండేది. ఆ బస్తాల మధ్యే పెరగడం వల్ల నాకు బేరం తప్ప ఇంకో విద్య అబ్బలేదు. ఒకసారి డాక్టరుగారు వారానికి మాత్రలు రాస్తే, నాలుగు రోజులకు సర్దుకోలేమా అని అడిగాను. ఆయన నవ్వాడు గానీ జ్వరంతో ఉన్న మా ఆవిడ నవ్వలేదు. అంత గొప్ప విద్యను జీవితంలో ఒక్కసారి నా కోసం కాకుండా మా అక్క కోసం వాడాను. బయట ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళు దాచుకున్న సంగతి అది.

అక్క అత్తగారి ఊరు ఒంగోలుకు పడమరన, బస్సులో గంట దూరం. ఊరవతల అంతా ఎర్రమెట్ట. గులకరాళ్ళు, తుమ్మచెట్లు, మేకలు. మెట్ట వాలు దిగి నేల చదునయ్యే చోట నల్లరేగడి మొదలవుతుంది. బావ వాళ్ళ రెండున్నర ఎకరాల చేను సరిగ్గా ఆ మొదలులోనే ఉండేది. ఎండాకాలం కాలు ఇరుక్కునేంత నెర్రెలు విచ్చేది. వాన పడితే చెప్పు ఊడబీకి తన దగ్గర పెట్టుకునేది. అయితే పల్లంలో ఉన్న చేలల్లాగా దానికి లోతు లేదు. ఒక గజం లోపే నలుపు అయిపోయి, కింద సుద్ద తగిలేది. తెల్లగా, గట్టిగా, తడిపితే పిండిలా జారే మట్టి అది. కంచెకు గుంటలు తీసినప్పుడల్లా బావ ఆ తెలుపును చూసి మళ్ళీ కప్పేసేవాడు.

అక్కకు నేలను చూసే పద్ధతి ఒకటి ఉండేది. మిరపనారు వేసే ముందు గుప్పెడు మట్టి తీసి, నీళ్ళు చిలకరించి, అరచేతుల మధ్య తాడులా పేనేది. దాన్ని వంచి గాజులా చుట్టేది. గాజు విరగకుండా నిలిస్తే నేల నీటిని పట్టి ఉంచుతుందని లెక్క. కొట్టులో పుట్టిన పిల్లకు ఆ పని అత్తగారు నేర్పింది. ఆవిడ పోయాక ఆ ఊళ్ళో అక్క చుట్టినంత సన్నగాజు ఇంకెవరూ చుట్టలేదని బావ గొప్పగా చెప్పుకునేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వరసగా రెండేళ్ళు మిరప పూత మీద ఉండగా వాన మొహం చాటేసింది. మూడో ఏడూ అంతే అయితే వ్యవసాయం మానేయాల్సిందేనని బావ అన్నాడు. ఒక్క బోరు ఉంటే చేను నిలబడుతుంది. బోరు వేయించే తాహతు లేదు.

అదే రోజుల్లో మా కొట్టుకు వచ్చే ఒక పెద్దమనిషి కొత్తపట్నం దారిలో ఇసుక నేల కొని జామతోట పెట్టాడు. పోసిన నీళ్ళు పోసినట్టే ఇసుకలోకి దిగిపోతున్నాయనీ, కాస్త బంకమట్టి తోలిస్తే తప్ప మొక్క నిలవదనీ వాపోయాడు. నా బుర్రలో తక్కెడ ఊగింది. మట్టి మాది, బోరు మీది అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

చేను గట్టు మీద నిలబడి బేరం ఆడాం. చేనంతా ఒక్క జాన లోతు మట్టి తీసుకుని బోరు వేయించి ఇస్తానన్నాడు. నిజానికి అక్కడితో ఆగాలి. కానీ మొదటి మాటకే ఒప్పుకుంటే మా నాన్న కొట్టుకు అవమానం కదా. మోటారు కూడా కావాలి, కావాలంటే ఇంకో జాన తీసుకోండి అన్నాను. ఆయన అడగలేదు, నేనే ఇచ్చాను. తర్వాత పైపులు, మోటారుకు రేకుల గది కూడా కలిపి మూడో జాన ఇచ్చాను. నేనే గెలుస్తున్నాననుకున్నాను.

బావ నన్ను పక్కకు లాక్కుపోయాడు. "ఒక్క జాన చాల్రా బామ్మర్దీ. మా చేను కప్పుకుంది పల్చటి దుప్పటి. లాగేస్తే ఏం మిగలదు."

"నీకు దుక్కి తెలుసు బావా, నాకు మనుషులు తెలుసు. మాటలు నాకొదిలెయ్."

కొట్టులో బస్తా ఖాళీ అయితే లారీ వచ్చి ఇంకో బస్తా దించుతుంది. మట్టీ అంతేనని నిజంగా నమ్మాను. ఏటా మెట్ట మీంచి వాన మట్టిని తెస్తుందనీ, చెరువుమట్టి నాలుగు ట్రక్కులు తోలిస్తే రెండేళ్ళలో సమానం అవుతుందనీ చెప్పాను. బావ అక్క వైపు చూశాడు. అక్క మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వు చెప్తే సరేరా," అంది.

ఆ వేసవిలో యంత్రం వచ్చి తవ్వింది. ఎంత లోతు తీశారో కొలవడానికి మధ్యమధ్యలో కొంత నేలను తవ్వకుండా దిమ్మెల్లా వదిలేస్తారు. వాటిని సాక్షులంటారు. కొలత అయ్యాక వాటినీ తవ్వుకుపోతారు. ఎత్తుగా ఉన్న చోటే దిమ్మె వదలాలని పట్టుబట్టాను, అక్కడ కొలిస్తే మిగతా చేలో తక్కువ తవ్వాల్సి వస్తుంది. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆఖరి రోజున చివరి దిమ్మెను కూల్చబోతుంటే అక్క వద్దంది. యంత్రం వెనక్కి మళ్ళింది.

బోరులో నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు. అందరం తాగాం. అక్క నా నెత్తిన నీళ్ళు చల్లి నవ్వింది. 

నారు నాటిన నెలకే ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. పెట్టిన నీళ్ళకు నేల పైన తెల్లటి పొరకట్టి, ఎండకు పెంకులా లేచిపోయేది. వేళ్ళు జానెడు కూడా దిగలేదు. తర్వాతి ఏడు మెట్ట నుంచి వాన తెచ్చింది గులకరాళ్ళనే. చెరువుమట్టి తోలిస్తే, పల్లమైపోయిన చేలోకి మెట్ట నీళ్ళన్నీ దూకి ఒక్క పెద్దవానకే దాన్ని కడుక్కుపోయాయి. అంతకు ముందు నేల ఉండి నీళ్ళు లేవు, ఇప్పుడు నీళ్ళున్నాయి. బావ మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే పనికి వెళ్ళాడు. వారానికోసారి ఒళ్ళంతా తెల్లటి పొడితో ఇంటికొచ్చేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

రెండేళ్ళకు అక్క తనంతట తానే అడిగింది, మన మట్టి ఎక్కడుందో చూపిస్తావా అని. ఆ జామతోట ఆయన కాళ్ళు పట్టుకునైనా ఒక్క జాన మట్టి వెనక్కి తెచ్చుకోగలిగితే, బావను పని మాన్పించి ఇంటికి తెచ్చుకోవచ్చని ఆమె ఆశ. శుక్రవారం నేను నమాజు చదివి రాగానే తీసుకెళ్ళాను. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. బోరు, మోటారు, పైపులు అన్నీ తిరిగి ఇచ్చేస్తామందామనుకున్నాను. మొదటిసారి నష్టానికి బేరం ఆడబోతున్నాను.

జామచెట్లు నిండుగా ఉన్నాయి. యజమాని మర్యాదగా కుర్చీలు వేయించి, కాయలు కోయించి తెస్తానని వెళ్ళాడు. అక్క కూర్చోలేదు. ఒక చెట్టు మొదట్లో గొంతుకూర్చుని గుప్పెడు మట్టి తీసింది. సీసాలో నీళ్ళు చిలకరించి పేనింది. నెమ్మదిగా వంచింది. గాజు చుట్టుకుంటూ వచ్చి, రెండు కొసలూ కలిసే చోట పుటుక్కున విరిగింది. ఇంకో గుప్పెడు తీసింది. అదీ విరిగింది.

"ఇసుక కలిసిపోయిందిరా. ఇక విడదీయలేం," అంది. చేతులు దులుపుకుని, "ఆయన్నేం అడగమాక," అంది.

ఆయన జామకాయలు తెచ్చి, మొహమాటపడకుండా అడగండి, ఏదైనా పని మీద వచ్చారా అన్నాడు. నేను ఒక జామకాయ అందుకున్నాను. ఊరికే చూసిపోదామని వచ్చాం అని అక్కే చెప్పింది.

ఆ చేను ఇప్పుడు సర్కారు తుమ్మ పాలైంది. మధ్యలో ఆ ఒక్క దిమ్మె మాత్రం ఉంది, నడుమెత్తు, మంచం వెడల్పు. దాని మీద ఏటా నాలుగు మిరప మొక్కలు పెట్టేది అక్క. నిగనిగలాడుతూ కాసేవి. ఒకసారి నేను వెళ్ళేసరికి వానకు దిమ్మె ఒక పక్క కూలి ఉంది. జారిన మట్టిని అక్క బొచ్చెలోకి ఎత్తి మళ్ళీ దానికి మెత్తుతోంది. మట్టి అంటుకోవడం లేదు, తడి కావాలంది. నేను వెళ్ళి మోటారు స్విచ్చి వేసి, చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చి ఇచ్చాను.