రెండుసార్లు వద్దన్న మనిషి

దయ్యాలున్నాయా లేవా అని నేనెప్పుడూ ఎవరితోనూ వాదించలేదు. వాదించేంత విషయం అందులో ఉందని అనుకోలేదు. కాకినాడలో మా ఇంటి వెనక శ్మశానం గోడ ఉండేది. ఆ గోడకు ఆనుకుని కూర్చునే పదో తరగతి పరీక్షలకు చదివాను. ఇప్పుడు చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా తప్పుందంటే మళ్ళీ రప్పించి చూపించమంటాను. చూపించలేకపోతే నా లెక్కలో ఆ తప్పు లేనట్టే. ఇది చదివి నేను మారిపోయానని ఎవరూ అనుకోవద్దు. మారలేదు. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్తాను.

మేం మియాపూర్‌లో ఉంటాం. మా ఆయన నరేందర్‌ది సంగారెడ్డి దగ్గర పల్లెటూరు. ఇద్దరి ఆఫీసులూ హైటెక్ సిటీ వైపే. పెళ్ళయి చాలా ఏళ్ళు చూశాక ఐవీఎఫ్‌కి వెళ్ళాం. కొండాపూర్‌లో ఆసుపత్రి. చివరికి రెండే రెండు పిండాలు నిలబడ్డాయి. వాటిని గడ్డకట్టించి భద్రపరిచారు.

ఇంజక్షన్లు ఓర్చుకున్నాను. ఒళ్ళు ఉబ్బితే ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది ఒక్కటే, ఆ పిండాన్ని కడుపులో ఎప్పుడు పెట్టించుకోవాలన్న ప్రశ్న. ఎందుకంటే దానికి జవాబు నా దగ్గర తప్ప అందరి దగ్గరా ఉంది.

మొదటి పిండానికి అందరి మాటా విన్నాం. మా అత్తమ్మ పంతులుని అడిగి పెట్టించిన ముహూర్తం కుదిరింది. మా అమ్మ మంచిదన్న వారం కుదిరింది. మా మేనేజర్ కోరినట్టు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ కూడా అయిపోయింది. పిండం నిలవలేదు. ఆ మాట ఫోన్‌లో విన్నప్పుడు ఆఫీసులో ఉన్నాను. బాత్రూంలో ఏడ్చి, ముఖం కడుక్కుని, వచ్చి మీటింగ్‌లో కూర్చున్నాను. మంచి రోజు చూసిపెట్టినవాళ్ళెవరూ ఆ రోజు గురించి మళ్ళీ మాట్లాడలేదు.

ఇక మిగిలింది ఒక్కటే. డాక్టరుగారు ఈసారి నిర్ణయం మాకే వదిలేశారు. "ఈ నెల చేసినా, రెండు నెలలు ఆగినా వైద్యపరంగా పెద్ద తేడా ఉండదమ్మా. మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పండి" అన్నారు.

సంగతి తెలిసి అత్తమ్మ ఊరి నుంచి వచ్చింది. "ఆషాఢంల గిసొంటి పని పెట్టుకుంటరా బిడ్డా? శ్రావణం రానియ్యి" అంది. మా అమ్మ ఫోన్ చేసి, "వయసేమైనా ఆగుద్దా ఏంటే? ఈ నెలే కానిచ్చెయ్యి" అంది. మేనేజరు మాత్రం, సెలవు విషయం కాస్త ముందుగా చెప్తే బాగుండేదని నవ్వుతూ అన్నాడు. నేను ఎవరికీ జవాబివ్వలేదు. డాక్టరుగారికి మాత్రం ఫోన్ చేసి ఈ నెలే అని చెప్పాను. అమ్మ చెప్పిందని కాదు. ఎదురుచూడ్డానికి నాలో ఇంకేమీ మిగల్లేదు.

పిండం పెట్టాల్సిన రోజు ఉదయం ఆసుపత్రి హాలు నిండుగా ఉంది. మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఒకావిడ వచ్చి మా ఎదురు కుర్చీలో కూర్చుంది. మా అమ్మ వయసుంటుంది. ముదురాకుపచ్చ నేతచీర. చేతిలో సంచీ లేదు, ఫైలూ లేదు. ఆమె ముందుకు వంగి నా కడుపు వైపు చూస్తూ, "ఇయ్యాల వద్దు బిడ్డా. లోపల నీళ్ళున్నయి. జర ఆగు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మిమ్మల్ని మా అత్తమ్మ పంపిందా?" అన్నాను. నరేందర్ తల దించుకుని కూర్చున్నాడు. అంతలో నన్ను లోపలికి పిలిచారు.

అక్కడ ముందు స్కాన్ చేసి, అంతా బాగుంటేనే పిండాన్ని బయటికి తీసి కరిగిస్తారు. డాక్టరుగారు స్కాన్ చేస్తూ చేస్తూ ఒకచోట ఆగిపోయారు. తెరను నా వైపు తిప్పి ఒక నల్లటి మచ్చ చూపించారు. "గర్భసంచిలో నీరు చేరిందమ్మా. మొన్నటి స్కాన్‌లో లేదు. ఇందులో పెడితే నిలవదు. ఈసారికి ఆపేద్దాం" అన్నారు.

బయటికొచ్చేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ ఎటు వెళ్ళిందని రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగాను. "మీతో వచ్చినావిడ కాదా మేడమ్? మీ అత్తగారేమో అనుకున్నా" అంది.

కారెక్కగానే నరేందర్ మీద విరుచుకుపడ్డాను. "మీ అమ్మ ఎవర్నో పంపించింది. అచ్చం మీ ఊరి మాటే ఆవిడది" అన్నాను.

హఫీజ్‌పేట దాటాక అతను కారు పక్కకు తీసి ఆపాడు. "మా ఊరి మాట ఎక్కడిది లావణ్యా? ఇవాళ వద్దండి, లోపల నీరుందండి, అన్నది. మొత్తం మీ అమ్మ లెక్కనే మాట్లాడింది. మీ దిక్కోళ్ళెవరో అనుకుని నేను నోరు మూసుకున్న."

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇద్దరం ఒక మనిషినే చూశాం. చీర రంగు కూడా ఒకటే చెప్పుకున్నాం. మాట మాత్రం నాకు తెలంగాణ యాసలో వినిపించింది, అతనికి గోదావరి యాసలో వినిపించింది.

అత్తమ్మ కొడుకు తల మీద చెయ్యి పెట్టి తనకేం తెలియదంది. మా అమ్మకి అసలు మేము ఆసుపత్రికి ఏ వేళకి వెళ్ళామో కూడా తెలియదు. పోనీ ఎవరో పంపారనే అనుకుందాం. డాక్టరుకే తెలియని నీరు దారిన పోయే మనిషికి ఎలా తెలిసింది? ఆ ఒక్క ప్రశ్నను మాత్రం నేను పక్కకు నెట్టలేకపోయాను.

అత్తమ్మకి సందేహమే లేదు. "పోచమ్మ తల్లే అచ్చింది. ఆమె మళ్ళ కనవడి సరే అన్నంకనే పెట్టిచ్చుకో" అంది. నరేందర్ కాదనలేదు, ఔననలేదు. నేను మాత్రం ఎవరి సరే కోసమూ ఆగనని చెప్పేశాను. గర్భసంచికి రెండు పక్కలా ఉండే ట్యూబుల్లో నీరేమీ లేదని పరీక్ష చేసి తేల్చారు. మళ్ళీ మందులు మొదలుపెట్టాను. ఈసారి పిండం పెట్టే రోజు పెద్దలకు బియ్యమిచ్చే పక్షంలో పడింది. "పెత్రమాస దినాలల్లనా!" అని అత్తమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. నా ఒంటికి పక్షాలు తెలియవని చెప్పాను.

ఈసారి హాల్లో నరేందర్ నా చెయ్యి వదల్లేదు. ఆమె రాదనే అనుకున్నాను. వచ్చింది. నడిచి వచ్చి, అందరిలాగే కుర్చీ లాక్కుని మా ఎదురుగా కూర్చుంది.

"ఇయ్యాల సుత వద్దు బిడ్డా" అంది.

నేను ఆమె పెదవుల్నే చూస్తున్నాను. నరేందర్ వేళ్ళు నా చేతిలో బిగుసుకున్నాయి. "ఏమంది?" అన్నాను అతని వైపు తిరక్కుండానే.

"ఇవాళ కూడా వద్దండి, అన్నది" అన్నాడు.

భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ భయం వెనకే కోపం వచ్చింది. పంతులు అయిపోయాడు, అత్తమ్మ అయిపోయింది, అమ్మ అయిపోయింది, మేనేజరు అయిపోయాడు. ఇప్పుడు పేరు కూడా తెలియని ఈవిడా?

"ఎందుకు వద్దో చెప్పండి" అన్నాను. "పోయినసారి నీళ్ళన్నారు. నిజమే. ఇప్పుడేముంది? కారణం చెప్తే ఇప్పుడే లేచి ఇంటికెళ్ళిపోతాను. చెప్పకపోతే వెళ్ళను."

పక్కన కూర్చున్న జంట మా వైపు తిరిగి చూశారు. ఆమె చాలాసేపు నన్నే చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలీ లేదు. లేచి లిఫ్ట్ దగ్గరికి వెళ్ళి, అది వచ్చేదాకా నిలబడి, ఎక్కి వెళ్ళిపోయింది.

నరేందర్ నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "పోదాం పా లావణ్యా. మనకున్నది ఒక్కటే. పోయినసారి ఆమె చెప్పిందే అయింది. ఇంకో నెల ఆగితే ఏం పోతది?"

"ఇంకో నెల వస్తాం. ఆవిడా వస్తుంది. మళ్ళీ వద్దంటే?"

అతను లేచి నా ఫైలు చేతిలోకి తీసుకున్నాడు.

స్కాన్ గదిలో డాక్టరుగారిని ఒకటికి రెండుసార్లు చూడమన్నాను. ఆవిడ విసుక్కోకుండా చూశారు. రక్తపరీక్ష రిపోర్టు కూడా మళ్ళీ చదివారు. "అంతా శుభ్రంగా ఉంది. మీరు సరేనంటేనే పిండాన్ని బయటికి తీయమంటాను. తీశాక ఇక వెనక్కి లేదు" అన్నారు.

నేను నరేందర్ వైపు చూశాను. మంచం పక్కన కర్టెన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నీ పానం, నీ మాట. నేను ఈడనే ఉన్న" అన్నాడు.

"తీయండి" అన్నాను.

పిండాన్ని వదిలినప్పుడు తెర మీద తెల్లటి చుక్క ఒకటి మెరిసింది. నేను ఏ దేవుడికీ దండం పెట్టుకోలేదు. ఆ చుక్కతోనే మనసులో అన్నాను, ఎవరొద్దన్నా సరే, నువ్వుండు.

ఉంది.

ఆ తర్వాత నెలలన్నీ ధైర్యంగా గడిపానని చెప్పుకోను. కాస్త నొప్పొస్తే చాలు, ఆమె వద్దన్న మాటే చెవిలో పడేది. స్కాన్‌కి వెళ్ళిన ప్రతిసారీ నా కళ్ళు ఆకుపచ్చ చీర కోసం వెతికేవి. ఆమె మళ్ళీ రాలేదు. మా అమ్మాయి నెలలు నిండాకే పుట్టింది. ఇప్పుడు సోఫా పట్టుకుని నిలబడుతోంది. వద్దు అంటే నవ్వుతుంది.

మా ఇంట్లో దీనికి ఎవరి వివరణ వాళ్ళకుంది. రెండోసారి అమ్మవారు నా గుండె ధైర్యాన్ని పరీక్షించిందని అత్తమ్మ అంటుంది. ఏదో గండం ఉందేమో, తాయెత్తు కట్టించమని మా అమ్మ గొడవ. కట్టించలేదు. కట్టించను. పరీక్షించడానికి నా కడుపే దొరికిందా అని అత్తమ్మ ముఖం మీదే అడిగాను.

కానీ నా దగ్గర వివరణ లేదు. మొదటిసారి ఆమె చెప్పింది నిజం. ఆ రోజు పెట్టించుకుని ఉంటే ఆ పిండం పోయేది. అంత మేలు కోరిన మనిషి రెండోసారి ఎందుకు వద్దంది? కీడు కోరిందంటే మొదటిసారి ఎందుకు కాపాడింది? ఒక నోటి నుంచి వచ్చిన మాట మా ఇద్దరికీ రెండు యాసల్లో ఎలా వినిపించింది? మళ్ళీ రప్పించి చూపించమనేదాన్ని కదా. వచ్చింది, కనిపించింది. అయినా నాకు తేలలేదు.

రెండోసారి మేం లేచి వచ్చేసి ఉంటే ఏమయ్యేదని ఒకరోజు నరేందర్‌ని అడిగాను. "గదే పిండం కదా, ఇంకో నెల ఆగి పుట్టేది, గంతే" అన్నాడు. అంటూనే లేచి వెళ్ళి, సోఫా దగ్గరున్న పిల్లని ఎత్తుకున్నాడు. చాలాసేపు కిందికి దించలేదు.