గోడలో సందు

పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రి వెనక గదిలో, కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేసే ఆయన్ని అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. ప్లాస్టరు అచ్చు మీద గులాబీరంగు మైనం పరిచి, అందులో ఒక్కో పన్నూ గుచ్చి, ఎత్తు చూసి, నచ్చకపోతే పీకి మళ్ళీ గుచ్చుతాడు. ఆ వీధుల్లో ముసలివాళ్ళ నవ్వుల్లో సగం ఆయన చేతి చలవే. భార్య పోయాక ఆయన నవ్వు మాత్రం ఎవరూ చూడలేదు.

పిల్లల్లేరు. ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినపడేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కపూటే, బావమరిది వచ్చినప్పుడు. ఆ బావమరిదికి వాళ్ళక్క చిన్నప్పుడే గోడ అని పేరు పెట్టింది. బొమ్మల ఫుట్‌బాల్‌లో తన వాళ్ళందర్నీ తెచ్చి గోలు ముందు నిలబెట్టి, ఇక ఉలకడు పలకడు.

ఆ ఆట అక్కాతమ్ముళ్ళ చిన్ననాటిది. భోజనాల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరుస్తారు. వేలి కణుపంత బొమ్మలు, ఒక్కోటీ గుండ్రటి దిమ్మ మీద నిలబడి ఉంటుంది. చూపుడువేలి గోటితో దిమ్మని మీటితే బొమ్మ జారి వెళ్ళి బంతిని తాకాలి. బంతికన్నా ముందు ఎదుటివాళ్ళ బొమ్మకి తగిలిందా, బంతి వాళ్ళ పాలు. అవతలివాడు అడ్డుకోవాలంటే ఎత్తుకి ఒక్క బొమ్మని మీటొచ్చు, కానీ మీటిన బొమ్మని చేత్తో వెనక్కి తేకూడదు. గోలు కాసే బొమ్మకి, అంటే గోలీకి, మాత్రం వెనక సన్నటి కడ్డీ ఉంటుంది, దాన్ని పట్టుకుని కదపాలి.

ఆఖరిసారి ఆవిడ ఎర్రబొమ్మలు, తమ్ముడు నీలం బొమ్మలు తీసుకున్నారు. ముందు గోలు వేసినవాళ్ళదే గెలుపు. ఆట సగంలో ఆవిడకి ఆయాసం వచ్చింది. ఆస్పత్రి మంచం మీద కూడా, "నా బొమ్మలు కదపకండి. వాణ్ణి ఓడించడానికైనా లేస్తాను" అంది. లేవలేదు.

కొన్నాళ్ళకి తమ్ముడు వచ్చి, దుమ్ము పట్టిన బొమ్మల్ని చూశాడు. "అక్క వైపు నువ్వు ఆడు బావా" అన్నాడు.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం అదే ఆట. నీలం బొమ్మలన్నీ గోలు ముందు చీమ దూరే సందు లేకుండా నిలబడతాయి. బంతి చిక్కినా అతను ముందుకి రాడు, పక్కకి తోసేసి చేతులు కట్టుకుంటాడు. పొద్దు వాలాక చెప్పులేసుకుని వెళ్ళిపోతాడు. బొమ్మలు ఎక్కడివక్కడే ఉంటాయి, మేస్త్రి వారమంతా వంటింట్లో నిలబడి తింటాడు.

మేస్త్రి తెలివితక్కువవాడేం కాదు. కానీ గెలవాలని లేనివాడు ప్రతివారం రెండు బస్సులు మారి ఆటకి ఎందుకొస్తున్నాడో ఒక్కసారైనా అడగాలా, వద్దా? అడగలేదు. ఆయన పట్టుదలంతా ఒకటే: ఆవిడ గెలవాలి, ఆవిడ ఆఖరి మాట చెల్లాలి. పోయినవాళ్ళకి ఇంకేం ఇవ్వగలం అనుకున్నాడు పాపం.

నేరుగా మీటితే బొమ్మ గోడకి కొట్టుకుంటుంది. అందుకని పని బల్ల మీద, పళ్ళ అచ్చుల మధ్య, ఓ పాత బొమ్మతో సాధన మొదలుపెట్టాడు. దిమ్మని నడుమ కాకుండా అంచున మీటితే బొమ్మ గిర్రున తిరుగుతూ వంపుగా పోతుంది. డాక్టరుగారు తొంగిచూసి, "ఏం మేస్త్రీ, పళ్ళు కట్టమంటే పరిగెత్తిస్తున్నావా?" అన్నారు. మేస్త్రి ఇంకోసారి మీటాడు. వంపు కుదిరింది గానీ, వంపుగా పోవడానికైనా సందంటూ ఉండాలి కదా.

ఆ సందు ఎక్కడుందో ఆవిడే ఎప్పుడో చెప్పింది, నవ్వుతూ. "కుడిమూలన బంతి కనిపిస్తే వాడికి చెయ్యాగదు. చిన్నప్పుడు అక్కడ పెట్టే ఏడిపించేదాన్ని."

ఆ ఆదివారం మేస్త్రి గోలు వంక చూడనే లేదు. బంతిని వెనక్కి లాగి, పక్కకి నడిపి, మెల్లగా కుడిమూలన, చివరి నీలం బొమ్మకి అందీ అందనంత దూరంలో వదిలాడు. బావమరిది దాన్ని చూశాడు. చూపుడువేలు బల్ల మీదికి వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. మీటాడు. బొమ్మ బంతిని వెంట్రుకవాసిలో తప్పి మూలకి జారిపోయింది.

గోడ చివర సందు పడింది. మేస్త్రి బంతిని ఆ సందుకి ఎదురుగా తెచ్చాడు. ఇంకో బొమ్మని మీటి ఆ సందు పూడ్చొచ్చు. బావమరిది మీటలేదు, ఆ మూలకేసే చూస్తున్నాడు. మేస్త్రి దిమ్మ అంచున గోటితో మీటాడు. ఎర్రబొమ్మ గిర్రున వంపు తిరిగి బంతిని తాకింది, బంతి సందులోంచి గోలులో పడింది. గోలీ కడ్డీని పట్టుకున్నవాళ్ళే లేరు.

"గెలిచిందిరా మీ అక్క!" అని మేస్త్రి పెద్దగా నవ్వాడు.

"అది అక్క ఎత్తు కదూ?"

"ఆవిడే చెప్పింది."

బావమరిది నీలం బొమ్మల్ని ఒక్కొక్కటే తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టెలో పెట్టాడు. తర్వాత ఎర్రవి. "ఇన్నాళ్ళూ తన ఆట సగంలో ఉందనుకునేవాణ్ణి బావా. సగంలో ఆట వదిలేసి ఎక్కడికీ పోదు అక్క."

మేస్త్రికి అప్పుడు తెలిసింది. చేతులు కాలాక తెలిసింది. గబగబా, "వచ్చే ఆదివారం కొత్తది మొదలెడదాంరా. ఎర్రవి నేనే తీసుకుంటా" అన్నాడు.

"మన మధ్య ఆటేముంది బావా?" అన్నాడు బావమరిది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బతిమాలుకోవడానికి వీలుండేది. పెట్టె మూతేసి, బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం మేస్త్రి గుడ్డ దులిపి పరిచాడు. ఎర్రబొమ్మలు సర్దాడు. మధ్యాహ్నమంతా వీధి తలుపు తీసే ఉంచాడు, ఎవరూ రాలేదు. చివరికి తనే బల్ల అవతలికి వెళ్ళి, నీలం బొమ్మలన్నిటినీ గోలు ముందు ఒకదాన్నొకటి ఆనించి నిలబెట్టాడు. ఇవతలికి వచ్చి కూర్చున్నాడు. ఇక ఎంతసేపు కూర్చున్నా బంతి జోలికి పోలేదు.