రెండు కొడితే ఎత్తు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని మొహం మీదే ఎగతాళి చేసే మనిషిని నేను. భిలాయ్ సెక్టర్ 7లో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. కళ్లతో చూడనిది నమ్మను. ఇది మాత్రం చెవులతో విన్నాను.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులు. భిలాయ్ పక్కనే హథ్‌ఖోజ్‌లో మా ఆయన ఖలాసీగా పనిచేసే చిన్న ఫ్యాక్టరీ షెడ్డు కూలిపోయింది. బరువులెత్తే పని వాళ్లది. ఆ రొదలో మాటలు వినబడవు కాబట్టి ఇనుము మీద కొట్టి చెప్పుకుంటారు. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే ఎత్తు.

శిథిలాల కింద ఆయనా, ఆయన పక్కనే తోటి ఖలాసీ సింహాచలం ఇరుక్కుపోయారు. ఇద్దరిదీ విజయనగరం వైపు ఒకే ఊరు. సింహాచలం గంటల తరబడి ఇనుము మీద రెండేసి దెబ్బలు కొడుతూనే ఉన్నాడట. తనని బయటికి తీశాక మా ఆయన ఆ సంగతి ఎంత చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. సింహాచలం శవాన్ని మర్నాడు తీశారు.

అప్పట్నుంచి ఆయనకి నిద్రా లేదు, తిండీ లేదు. నేను కనబడిన ప్రతివాళ్ల కాళ్లూ పట్టుకున్నాను. రాయ్‌పూర్‌లో ఒక డాక్టరు, ప్రమాదాల్లో బతికి బయటపడ్డవాళ్ల మెదడు ఫోటోలు తీసి, ఎవరి మనసు దెబ్బతింటుందో ముందే చెప్పొచ్చేమో పరిశీలిస్తున్నారని తెలిసింది. ఫోటోలో ఏదో ఒకటి కనబడితే చాలు, నా మనిషి నాకు దక్కుతాడనుకున్నాను.

పట్టపగలే. ఆయన తల మెషీన్‌లో ఉంది, నేనూ, మెషీన్ నడిపే దీదీ అద్దం ఇవతల ఉన్నాం. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మెషీన్ చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు వినబడ్డాయి, ఇనుము మీద రెండు దెబ్బలు. కాస్త ఆగి మళ్లీ రెండు. ఎమర్జెన్సీ లైటు వెలుగులో చూశాను. ఆయన చేతులు పొట్ట మీద కదలకుండా ఉన్నాయి. దీదీ నా వైపు తిరిగి, "ఆప్‌నే భీ సునా?" అంది, మీకూ వినబడిందా అని.

బయటికి రాగానే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నావేటి? ఇంకా ఎత్తమంతన్నాడు."

అప్పటికే డాక్టరు అక్కడికి వచ్చారు. విన్నానంటే ఇద్దరికీ పిచ్చి అంటారని భయమేసింది.

"నాకేటీ ఇనబడలేదు" అన్నాను. దీదీ తల వంచుకుంది.

కరెంటు వచ్చాక మళ్లీ తీసిన ఫోటో శుభ్రంగా ఉందనీ, ముందు ముందు భయం లేదనీ డాక్టరు చెప్పారు. లేని చప్పుళ్లు వినబడుతున్నాయని మాత్రం కాగితం మీద రాసి మందులిచ్చారు. ఆయన వేసుకున్నాడు. ఆ తర్వాత సింహాచలం పేరు నా దగ్గర ఎత్తలేదు.

ఆ దెబ్బలు ఎక్కడివో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. ఒక్కోసారి అన్నాల వేళ మా నీళ్ల పైపు రెండుసార్లు మోగుతుంది. ఆయన తలెత్తి నా మొహంలోకి చూస్తాడు.

నేను పప్పు వడ్డిస్తూనే ఉంటాను.