ఆమె చెప్పుకోవలసిన మాట

2012 ఆగస్టు నెల, రెండో ఆదివారం, పగలు ఒంటిగంట దాటి పది నిమిషాలు. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఆ నిమిషంలో నేను ఒక మాట అన్నాను. దాని గురించే రాస్తున్నాను. ఈ పొద్దున మా కోడలు కందిపప్పు ఉడకబెట్టి మూత తీసింది. పసుపు వాసనతో ఆవిరి ముఖానికి కొట్టగానే నేను లేచి బయటికి వచ్చి కూర్చున్నాను. "ఏమైంది అత్తా?" అని అడిగితే పొగ అన్నాను. గ్యాసు పొయ్యికి పొగేమిటని అది నవ్వింది. పప్పు మీద తేరిన నీళ్ళ వాసన నాకు ఇప్పటికీ ప్రమీల మేడం వాసనే. ఒక వానాకాలమంతా ఆ నీళ్ళు చిన్న గిన్నెలో పోసి ఆమె చేతికి ఇచ్చింది నేనే.

ఎల్లారెడ్డిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో నేను వంటమనిషిని. ప్రమీల మేడం అక్కడికి 2009లో వార్డెన్‌గా వచ్చింది. ఇల్లు కామారెడ్డిలో. పొద్దున బస్సులో వచ్చి, పొద్దుగూకాక పోయేది. అప్పటికి ఆమెకు నలభై నిండలేదు, నాకు యాభైకి రెండు తక్కువ. చాలా లావు మనిషి. మెట్లు ఎక్కాలంటే మూడు చోట్ల ఆగేది. మోకాళ్ళ నొప్పులు, షుగర్. షేర్ ఆటోవాళ్ళు ఆమెను చూసి "మేడం, నీకు ఇద్దరి జాగ కావాలె, బస్సులనే పో" అని ముఖం మీదే అనేవారు. బస్సు కోసం ఎండలో నిలబడేది గానీ వాళ్ళను ఒక్క మాట తిరిగి అనేది కాదు.

అంతకంటే పెద్ద మాట ఇంకొకటి ఉండేది. పిల్లల కూడు తిని బలిసింది అని. ఆమె పద్ధతి ఏమిటంటే, వండిన ప్రతి పూటా పిల్లల ముందు నిలబడి, గంటెతో అరచేతిలో పోయించుకొని, తను రుచి చూశాకే వడ్డించమనేది. చూసినవాళ్ళకు అది తినడంలాగే కనిపించింది. నిజానికి ఆమె కాపలా ఎలాంటిదో నాకు తెలుసు. ఒకసారి ఇంటికి పోతూ దోసెడు పప్పు కొంగున కట్టుకున్నాను. గేటు దగ్గర ఆపి ముడి విప్పించింది. "ఇది ఏ పిల్ల పళ్ళెంల కెళ్ళి తీసినవో పేరు చెప్పి తీసుకపో" అంది. ఏ పిల్ల పేరు చెప్పను? పప్పు తిరిగి డబ్బాలో పోసి వచ్చాను. మరునాడు ఆ సంగతి ఆమె ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. నా తప్పును ఆమె ఎంత జాగ్రత్తగా దాచిపెట్టిందో అప్పుడు నాకు తట్టలేదు.

అప్పటికి నాకు చదువు రాదు. వంటింట్లో డబ్బాలను వాటి తీరును బట్టి, వాసనను బట్టి గుర్తుపట్టేదాన్ని. మేడం ఒకరోజు అన్నీ ఒకే తీరు డబ్బాలు తెప్పించి, మూతలు గట్టిగా బిగించి, సుద్దముక్కతో పేర్లు రాసి వరుసగా పెట్టింది. మరునాడు వరుస మార్చేసింది.

"ఏంది మేడం, నీకు పనిలేదా?" అన్నాను.

"ఉన్నది. నీకు చదువు చెప్పుడు."

"నలభై ఎనిమిదేండ్లకు సదువుకొని ఏం జెయ్యాలె? కలెక్టర్నైతనా?"

"కావు. కని ఏ డబ్బల ఏమున్నదని నన్ను అడగవు."

కంది, పెసర, మినుము, ఇవే నా మొదటి పాఠాలు. రెండు నెలలు తిట్టుకుంటూ నేర్చుకున్నాను. ఒకనాడు 'మిరియాలు' అని కూడబలుక్కొని చదివి, మూత తీసి చూస్తే లోపల నిజంగా మిరియాలే ఉన్నాయి. అంత సంతోషం నాకు నా పెళ్ళినాడు కూడా కలగలేదు.

2011 ఎండాకాలం సెలవులు అయిపోయి హాస్టల్ తెరిచిన రోజు మేడం గేటు లోపలికి వస్తుంటే ఆమె మెడ నాకు కనిపించింది. అంతకుముందు ఆమె మెడ నేను చూడలేదు. నన్ను బియ్యం గదిలోకి పిలిచి తలుపు దగ్గరకు వేసింది.

"రాజవ్వా, హైదరాబాదుల ఆపరేషన్ చేయించుకున్న. కడుపు చిన్నగ చేసిండ్రు. ఇగ నేను పిడికెడు కన్న ఎక్కువ తినలేను."

"గింతదానికి కడుపు కోయించుకునుడేంది మేడం? జర తక్కువ తింటే అయిపోవు గద."

"పదేండ్లు తక్కువనే తిన్న. నువ్వు సుత నమ్మవు."

నేను నమ్మలేదు, నిజమే. అప్పుడు ఆమె అంది, "వండేదానివి గనుక నీకు చెప్తున్న. ఇంకెవలకు చెప్పకు. పిల్లల కూడు తిని బలిసిందన్న నోళ్ళే, పిల్లల పైసలతోని కోయించుకున్నదంటయ్. ఎవలకు చెప్పాల్నో, ఎప్పుడు చెప్పాల్నో నేను చూసుకుంట." చెప్పనని నెత్తి మీద చెయ్యి పెట్టుకొని ఒట్టు వేశాను.

ఇక ఆమె తిండి సంగతి. మొదట పప్పు మీది తేట, అది కూడా చెంచాతో. తర్వాత మెత్తగా నలిపిన పప్పు. ఆ తర్వాత గుడ్డు. సగం గుడ్డు తినడానికి అరగంట పట్టేది. అన్నంతో పాటు నీళ్ళు తాగకూడదు, అవి వేరే వేళకు. ఒకసారి పిల్లలు పుట్టినరోజని మిఠాయి ఇస్తే చిటికెడు నోట్లో వేసుకొని, చెమటలు పట్టి గంటసేపు గోడకు ఆనుకొని కూర్చుంది. నాలుగు నెలలకు జుట్టు ఊడసాగింది. దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలు చూసి తిండి లేకనే అని తీర్మానం చేసుకున్నాను. ఒక మధ్యాహ్నం అన్నంలో పప్పు, నెయ్యి కలిపి ముద్ద చేసి ముందర పెట్టాను. వద్దంది. నా మీద ఒట్టు అన్నాను. మా దిక్కు అన్నం దగ్గర ఒట్టు పెడితే కాదనరు. ఆమె నా ముఖం చూసి రెండు ముద్దలు తింది. కాసేపటికి ఛాతీ పట్టుకొని లేచి నల్లా దగ్గరికి పోయింది. కళ్ళ నుంచి నీళ్ళు కారేదాకా వాంతి చేసుకుంది. నేను వీపు నిమురుతూ నిలబడ్డాను.

"వద్దన్న గద రాజవ్వా."

"ప్రేమతోని పెట్టిన మేడం."

"తెలుసు. గందుకే తిన్న. ఇంకోసారి నేను వద్దంటే వద్దనే విను."

సరే అన్నాను. ఆ మాటను అన్నం వరకే అనుకున్నాను.

మంచి రోజులు కూడా ఉన్నాయి, అవి రాయకపోతే అన్యాయం. చీర మీద క్యాన్వాస్ బూట్లు వేసుకొని హాస్టల్ చుట్టూ తిరిగేది. పిల్లలు వెంట నడుస్తూ చుట్లు లెక్కపెట్టేవారు. ఒకనాటి సాయంత్రం మేక ఒకటి పాలకూర మడిలో పడింది. నేను కట్టె వెతుక్కునే లోపల మేడం కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని దాని వెంట ఉరికింది. గోడ దాకా తరిమి, రొప్పుతూ నిలబడి, తన కాళ్ళను తనే చూసుకుంది.

"రాజవ్వా, నేను ఉరికిన! చూసినవా?"

"చూసిన మేడం. మేక సుత చూసింది. ఇగ ఈ జన్మల రాదది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు, తర్వాత కూడా వినలేదు.

మా దిక్కు మనిషి ఎదురుపడితే ముందు ఒళ్ళు చూసి పలకరిస్తాం. లావైతే లావైనవంటాం, చిక్కితే ఏం రోగమంటాం. అది మాకు ప్రేమే. ఏడాదిలో మేడం సగం మనిషైంది. చేతుల కింద చర్మం వేలాడితే మోచేతుల దాకా జాకెట్లు కుట్టించుకుంది. బస్సులో, బజారులో, పాలకేంద్రం దగ్గర, ప్రతివాళ్ళూ అడిగారు. "ఏంది మేడం, గిట్లైనవు? షుగరా? టీబీనా?" ఆమె నవ్వి, "నడుస్తున్న గదా, గందుకే" అనేది. ఆ జవాబు ఎవరికీ సరిపోలేదు. ఒకరు ఎయిడ్స్ అన్నారు. ఆ మాట ఊరంతా తిరిగి తండాలకు కూడా పోయింది.

ఆ ఆదివారం పిల్లలను చూడటానికి తల్లిదండ్రులు వచ్చారు. అన్నం వేళ అయింది, పిల్లలు పళ్ళాలు పట్టుకొని వరండాలో వరుసలో ఉన్నారు. గాంధారి ఊరి దిక్కు నుంచి వచ్చిన కిష్టయ్య ముందుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు, బిడ్డ కోసం భయపడ్డవాడు.

"తప్పు అనుకోకు మేడం. నీకేదో రోగమున్నదంటున్నరు. నా బిడ్డ తినేదాన్ని నువ్వు ముట్టొద్దు."

మేడం గొంతు పెంచలేదు. "నాకు అంటురోగం ఏదీ లేదు కిష్టన్నా. డాక్టర్ రాసిన కాగితం వచ్చే ఆదివారం తెచ్చి చూపిస్త. గప్పటిదాక నేను ముట్ట."

కిష్టయ్య తల ఊపాడు. "గట్లైతే మంచిదే" అని వెనక్కి తగ్గాడు కూడా. అక్కడితో అయిపోయేది. నేను మళ్ళీ మళ్ళీ తలచుకునేది ఇదే, అక్కడితో అయిపోయేది. వెనక నుంచి లచ్చవ్వ అనే ఆమె, "గా రోగానికి సుత మంచి కాగితాలు ఇస్తరా ఏంది" అని కిసుక్కున నవ్వింది. నా ఒళ్ళు మండిపోయింది.

"నోరు మూయ్ లచ్చవ్వా! రోగం లేదు, గీగం లేదు. పట్నంల కడుపు కోయించుకున్నది. ఎక్కువ తినకుంట ఆపరేషన్ చేయించుకున్నది. ఇగ సాలునా?"

లచ్చవ్వ నవ్వు ఆగింది. గెలిచాననుకున్నాను. అప్పుడు లచ్చవ్వే నిదానంగా, "కోయించుకున్నదా? ఎవల పైసలతోని?" అంది. కొందరు నవ్వారు. పిల్లల్లో కూడా ఒకరిద్దరు నవ్వారు. మేడం నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. తర్వాత కిష్టయ్య వైపు తిరిగి, "రోగం లేదని తెలిసింది గద అన్నా, ఇప్పుడు ముట్టొచ్చునా?" అని అడిగింది. అతను తల దించుకున్నాడు. ఆమె అరచెయ్యి చాపింది. నేను గంటెతో పప్పు పోశాను. రుచి చూసి, "ఉప్పు సరిపోయింది. పిల్లలకు పెట్టు" అంది.

ఎవరో మేడం మీద పై ఆఫీసుకు ఫిర్యాదు కాగితం పెట్టారు. పెద్దసార్లు వచ్చి రెండు రోజులు బస్తాలు తూచారు, ఒక్క గింజ తేడా రాలేదు. ఆ సంగతి మాత్రం తండాలకు పోలేదు. మేడం హాస్టల్ చుట్టూ నడవడం మానేసింది. నడిస్తే రోడ్డు మీది నుంచి "కోయించుకున్నంక సుత నడువుడేంది" అని అరిచేవారు. తన గిన్నె తీసుకొని బియ్యం గదిలోకి పోయి తలుపు వేసుకొని తినేది. దసరా తర్వాత తనే అడిగి బదిలీ చేయించుకుంది. వెళ్ళేరోజు నేను కాళ్ళకు అడ్డం పడ్డట్టు నిలబడ్డాను.

"నన్ను తిట్టు మేడం. నాలుగు తిట్టి పో."

"ఏమని తిట్టాలె? నువ్వు చెప్పింది అబద్ధం కాదు గదా." సంచి భుజానికి వేసుకుంది. "నా మీద ప్రేమతోనే అన్నవు, అది సుత తెలుసు. కని గది నేను చెప్పుకునే ముచ్చట రాజవ్వా. చెప్పుకుందామని ధైర్యం కూడగట్టుకుంటున్న. నువ్వు గుంజుకున్నవు."

ఆ తర్వాత ఒక్కసారే చూశాను. 2013లో, కామారెడ్డి బస్టాండులో. ఒళ్ళు కొంత తిరిగి వచ్చింది. నా నాలుక చివరి దాకా మాట వచ్చింది. మింగేసి, "బస్సు ఎన్నింటికి మేడం?" అని అడిగాను. ఆమె నా వైపు తిరిగింది. "మళ్ళ ఒళ్ళు చేసినవేందని అందరు అడిగిండ్రు. నువ్వడగవా?" అంది. అడగనన్నాను. బెంచీ మీద జరిగి నాకు చోటు ఇచ్చింది. ఇద్దరం బస్సు వచ్చేదాకా పిల్లల గురించి మాట్లాడుకున్నాం. ఎవరు పది పాసయ్యారు, ఎవరు చదువు మానేశారు.

2014 చలికాలంలో ఆమె పోయిందని కబురు వచ్చింది. కామారెడ్డికి పోయేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. ఎల్లారెడ్డి నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు నన్ను పక్కకు లాగి, "నీకు తెలిసే ఉంటది. గా ఆపరేషన్‌తోనేనా?" అని అడిగారు. నాకు తెల్వదన్నాను. నిజంగానే తెలియదు. లోపలికి పోయి ఆమె భర్త ముందు కూర్చున్నాను, ఎలా పోయిందని నేనూ అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను అడగకుండా వదిలేసిన రెండో సంగతి అదే.

ఇప్పుడు ఎవరైనా చిక్కిపోయో లావైపోయో ఎదురైతే "కూసో, మంచినీళ్ళు తాగుతవా" అంటాను. అంతే. చెప్పేదుంటే వాళ్ళే చెబుతారు. చెప్పకపోతే నీళ్ళు తాగి పోతారు. నేను ఇట్లా అయ్యానంటే మా ఇంట్లో కూడా నమ్మరు.

మరి ఇదంతా రాయడం మళ్ళీ చెప్పడం కాదా అని మీరు అడగవచ్చు. అందుకే ముందుగా ఆమె భర్తను అడిగాను. నాలుగు రోజులు ఆలోచించి, పేరు మార్చి రాయమన్నాడు. మేడం పేరు మార్చాను. ఆ రోజు అక్కడ ఉండి నా మాట విన్న మిగతావాళ్ళ పేర్లు మార్చలేదు. కిష్టయ్య, అతని భార్య సీత. లచ్చవ్వ, ఆమె తమ్ముడు రాములు. గేటు దగ్గర వాచ్‌మన్ సాయిలు. వంటింటి గడపలో నాకు చేదోడుగా ఉండే గంగమణి. వరుసలో ముందు నిలబడ్డ పిల్లలు గౌరి, స్వప్న, చిన్న లక్ష్మి, వాళ్ళ వెనక పేర్లు గుర్తురాని మరో ముప్పై మంది. మేడం. ఆమె పక్కన, నోరు తెరిచి, వంట రాజవ్వ.