బావి ఈతతో ఓడ దగ్గరికి

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మా వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నదాన్ని, నాకు సముద్రం ఒక లెక్కా అన్న పొగరుతోనే పోయిన యేడు విశాఖ వెళ్లాను. రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిన ఓడ ఒకటి అక్కడ అడుగున ఉందని, గాలి సిలిండరు కట్టుకుని దిగి చూడొచ్చని విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. "నేను గూడ వస్త" అని మా నాన్న, బాపు, బయలుదేరాడు. నాకు ఈత నేర్పింది ఆయనే.

మా బావి ఈతకు ఒక పద్ధతి ఉంది. గట్టు మీంచి దూకి, ఊపిరి బిగబట్టి, అడుగు ముట్టి, గుప్పెడు మన్ను పట్టుకుని తేలాలి. మన్ను లేకపోతే ఎవరూ నమ్మరు. బాపు అసలే నమ్మడు.

విశాఖలో మొదట తక్కువ లోతులో సాధన చేయించారు. అలవాటు ఎక్కడికి పోతుంది, మునగగానే ఊపిరి బిగబట్టేశాను. అక్కడ సిలిండరుతో దిగడం నేర్పే ఆయన చెయ్యి పట్టి ఆపాడు.

"ఏవండీ, సిలిండరుతో ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిరిగిపోతాయండీ. మళ్లీ ఇలా చేస్తే ఓడ దగ్గరికి తీసుకెళ్లను."

మా ఊళ్లో గొప్ప అనిపించుకున్న పని ఇక్కడ తప్పట! ఒళ్లు మండింది. కానీ ఓడను చూడకుండా తిరిగి వెళ్లడం నా వల్ల కాదు.

సాయంత్రం దాకా నీళ్లలోనే ఉండి వరినాట్లు తలచుకున్నాను. మా పొలాల్లో ఒక వరుస ఆడవాళ్లు పాట ఎత్తుకుంటే రెండో వరుస అందుకుంటుంది. మధ్యలో ఖాళీ ఉండదు. ఆ పాటే మనసులో పాడుకుంటూ ఒక వరుసకు గాలి పీల్చాను, రెండో వరుసకు వదిలాను. పాట సాగినంతసేపూ ఊపిరి ఆగలేదు. నేర్పే ఆయన తల ఊపాడు.

మర్నాడు పడవలో బాపు దారంతా వాంతులు చేసుకున్నాడు. వెనక్కి పోదామా అంటే "నీ పని నువ్వు చూస్కో" అని కసిరాడు. ఓడ మునిగిన చోట పడవ ఆగగానే నేర్పే ఆయన వెంట దూకాను.

ఓడ ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. తుప్పు మీద నాచు, కిటికీలోంచి చేపల గుంపు. ఆ కిటికీ దగ్గర ఒకప్పుడు మనుషులు నిలబడి ఉంటారు. భయం వేయలేదు, గౌరవం కలిగింది. చెయ్యి దానంతటదే ఇసుకలోకి పోయింది. నేర్పే ఆయన వేలు అడ్డంగా ఊపాడు, ఇక్కడి నుంచి ఏదీ తీసుకుపోకూడదని. గుప్పిట విప్పేశాను.

తేలేసరికి బాపు పడవ అంచు పట్టుకుని వంగి చూస్తున్నాడు.

"ఎట్లుందే?"

"పెద్ద ఓడ బాపు. యుద్ధంల మునిగింది. అండ్ల మనుషులు పోయిండ్రట."

ఆయన తల రుమాలు తీసి నీళ్లకు దండం పెట్టాడు.

"మీ అమ్మాయికి ధైర్యం ఎక్కువేనండీ" అన్నాడు పడవ నడిపే మనిషి.

ఇంట్లో నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోని బాపు, అంత నీరసంలోనూ పడవంతా వినబడేలా అన్నాడు:

"నా బిడ్డ. ఆడిపిల్లకు బాయిల దుంకుడేందని ఊరంత మొత్తుకున్నరు. నేనే దుంకిచ్చిన."