రణపాల పూలు

బావ పోయాక అక్క తిరుపతికి, మా దగ్గరికే వచ్చేసింది. పిల్లలు లేరు. అప్పుడు నేనూ నాయనా అలిపిరి రోడ్డు పక్క సందులో, ఒక మేడ మీద అద్దెకుండేవాళ్ళం. అమ్మ అంతకుముందే పోయింది. అక్క వంట చేసేది, బట్టలు ఉతికేది, ఏదైనా అడిగితే తలాడించేది. మాట్లాడడం మాత్రం దాదాపు మానేసింది.

ఒక సాయంత్రం మెట్ల కింద దొరికిందని బూడిదరంగు పిల్లికూనను తెచ్చుకుంది. దాంతో మాట్లాడేది. "ఇంతసేపు యాడికి పోయినావే? పాలు సల్లారిపోయినాయి సూడు" అని వంటింట్లోంచి వినిపిస్తుంటే నాయన పేపరు దించి నా వైపు చూసేవాడు. ఇద్దరం కదిలేవాళ్ళం కాదు, ఆ గొంతు ఎక్కడ ఆగిపోతుందోనని.

నాయనకు కిడ్నీలో రాయి ఉండేది. ఎవరో చెబితే రణపాల మొక్క తెచ్చి కిటికీలో కుండీలో పెట్టుకున్నాడు. దళసరి ఆకులు, నీళ్ళు పొయ్యకపోయినా బతికే మొక్క. పొద్దున్నే పరగడుపున ఒక ఆకు నమిలేవాడు. చలికాలంలో దానికి గంటల్లాంటి పూలు వేలాడాయి. పిల్లి కిటికీ ఎక్కి వాటిని కాలితో కొట్టేది, కొరికేది.

"నాయనా, అది పూలు తింటా ఉండాది. ఏమన్నా అవుతాదేమో" అంది అక్క.

"నేను దినామూ తింటా ఉండానే, నాకేమైంది? మందాకమ్మా అది."

అక్క పిల్లిని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒక మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేసరికి పిల్లి నోట్లోంచి చొంగ కారుతోంది. వాంతి చేసుకుంటోంది. లేచి నిలబడబోతే వెనక కాళ్ళు జారిపోతున్నాయి. అక్క దాన్ని పాత చీరలో చుట్టుకుంది. ఆటోలో పశువుల ఆసుపత్రికి పోయాం. పిల్లి కక్కిన పూరేకుల్ని అక్క డాక్టరుకు చూపించింది.

"రణపాల కదమ్మా ఇది. మనుషులు మందని తింటారు గానీ, పిల్లికి గుండె మీద కొడతాది. పువ్వులో ఇంకా ఎక్కువ. విరుగుడు నా దగ్గర లేదు. సెలైన్ ఎక్కించి సూస్తాం" అన్నాడాయన.

సెలైన్ ఎక్కుతుండగానే అక్క ఒళ్ళో అది చచ్చిపోయింది.

నాయన కుండీని తనే తీసుకుపోయి కాలవ గట్టున పారేసి వచ్చాడు. "తెలిసుంటే పెడతానా అమ్మా?" అన్నాడు. అక్క తలాడించింది.

రాయి కరగలేదు. ఆపరేషన్ చెయ్యాల్సివచ్చింది. ఆసుపత్రిలో అక్కే అన్నీ చేసింది. జావ తాగించింది, పక్క దుప్పటి మార్చింది. వేళకు మాత్రలు చేతిలో పెట్టింది. కోలుకున్నాక నాయన ఎవరినో అడిగి, తువ్వాలులో చుట్టి ఇంకో కూనను తెచ్చాడు.

"సూడమ్మా, అచ్చం అట్లనే ఉండాది."

అక్క గిన్నెలో పాలు పోసి దాని ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ కూన కొన్నాళ్ళు మా కాళ్ళ చుట్టూ తిరిగి, పిలిచేవాళ్ళు లేక గోడ దూకి పక్కింట్లో చేరింది. వెళ్ళి తెచ్చుకుందామని ఎవరమూ అనలేదు. నాయన పోయేదాకా వాళ్ళిద్దరి మధ్య మందుల వేళలు తప్ప ఇంకో మాట నేను వినలేదు.